సాయాన్ని డిక్కీలో పెట్టుకుని బయలుదేరండి

(ఈస్టర్ సెలవులకు ముందు ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో జరిగిన తెలుగు కుటుంబాల సమావేశంలో, ఆ దేశం నడిబొడ్డున ఎడారిలో ఉన్న అలిస్ స్ప్రింగ్స్‌లో ఎనిమిదేళ్లు నర్సుగా పనిచేసిన ఒక సోదరి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పోయిన ఆదివారం మన పిల్లలు నలుగురు మా ఇంటికి భోజనానికి వచ్చారు. "అక్కా, ఈస్టర్‌కు ఉలూరు వెళ్తున్నాం, ఎడారిలోని ఆ పెద్ద ఎర్రరాతి కొండ చూడడానికి. మీరు ఆ దారిలో చాలాసార్లు తిరిగారు కదా, సంగతులు చెప్పండి" అన్నారు. ఎప్పుడు బయలుదేరుతున్నారని అడిగాను. గురువారం రాత్రి తొమ్మిదికి, షిఫ్టు అయిపోగానే అన్నారు. తిరిగి రావడం ఎప్పుడు? సోమవారం రాత్రికల్లా వచ్చేస్తాం, మంగళవారం పొద్దున్నే డ్యూటీ ఉంది అన్నారు. వడ్డిస్తున్న గరిటె పక్కన పెట్టి ఒక కాగితం తెచ్చాను.

అడిలైడ్ నుంచి ఉలూరుకు రోడ్డు మీద దాదాపు 1,600 కిలోమీటర్లు. రానూ పోనూ 3,200. అంటే హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్లి తిరిగి వచ్చినంత. దానికి వాళ్ల దగ్గర ఉన్నవి నాలుగు పగళ్లు, నాలుగు రాత్రులు. అందులో కనీసం రెండు రాత్రులు స్టీరింగు ముందే గడవాలి. లెక్క మొత్తం రాశాక ఆ కాగితాన్ని వాళ్ల వైపు తిప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ నలుగురూ ఇప్పుడు మూడో వరుసలో కూర్చున్నారు. ప్రయాణాన్ని జూలై సెలవులకు మార్చుకున్నారు, తొమ్మిది రోజులు పెట్టుకున్నారు. ఆ రోజు వాళ్లకు చెప్పినవే ఈ రోజు మీ అందరికీ చెబుతాను.

ముందుగా ఒక మాట. మనం పెరిగిన చోట రోడ్డు అంటే జనం. బండి టైరు పంక్చరైతే అయిదు నిమిషాల్లో నలుగురు పోగవుతారు. ఒకాయన జాకీ అందుకుంటాడు, ఇంకొకాయన రాయి తెచ్చి చక్రానికి అడ్డం పెడతాడు, మూడో ఆయన సలహాలు ఇస్తాడు. కాస్త దూరంలో "ఇచ్చట పంక్చర్లు వేయబడును" అనే రేకు పలక వేలాడుతూ ఉంటుంది. రాత్రి రెండింటికైనా టీ దొరుకుతుంది. మనకు రోడ్డు మీద ఉన్న ధైర్యమంతా ఆ జనం ఇచ్చిన ధైర్యం. ఆ ధైర్యాన్నే వెంటబెట్టుకుని ఇక్కడి ఎడారి దారుల్లోకి వెళ్తున్నాం. అక్కడ జనం లేరు.

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. దాదాపు 270 కిలోమీటర్లు. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ, నందిగామ అని లెక్కపెట్టుకుంటూ వెళ్తాం. పెట్రోలు బంకులకు లెక్కే లేదు. ఇప్పుడు స్టువర్ట్ హైవే మీద గ్లెండాంబో నుంచి కూబర్ పీడీ దాకా చూడండి. సుమారు 250 కిలోమీటర్లు, ఇంచుమించు అంతే దూరం. మధ్యలో ఒక్క ఊరు లేదు, ఒక్క బంకు లేదు. ఎర్రమట్టి, బూడిద రంగు పొదలు, అక్కడక్కడ ఆగి నిద్రపోవడానికి వదిలిన ఖాళీ స్థలాలు. అంతే. ఇదేమీ మారుమూల దారి కాదు, పోర్ట్ అగస్టా నుంచి డార్విన్ దాకా 2,700 కిలోమీటర్లకు పైగా సాగే ప్రధాన రహదారి. చక్కని తారు రోడ్డు. ఆ చక్కదనమే మనల్ని మోసం చేస్తుంది. ఉత్తరాన ఆ రహదారి సాగే నార్తర్న్ టెరిటరీ విస్తీర్ణం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపిన దానికి దాదాపు అయిదు రెట్లు. జనాభా రెండున్నర లక్షలు. అందులోనూ సగానికి పైగా డార్విన్ ప్రాంతంలోనే ఉంటారు. మిగిలిన నేలంతా ఎంత ఖాళీగా ఉంటుందో మీరే ఊహించుకోండి.

అలిస్ స్ప్రింగ్స్‌కు వచ్చిన రెండో ఏడాది నాకు జరిగింది చెబుతాను. జూన్ నెల. మావారు, నేను, నాలుగేళ్ల మా అమ్మాయి. అడిలైడ్‌లో బంధువుల ఇంట్లో శుభకార్యం. నాకు మధ్యాహ్నం దాకా డ్యూటీ ఉండడంతో రెండున్నరకు గానీ బయలుదేరలేదు. రాత్రికి మార్లాలో పడుకుందాం, 450 కిలోమీటర్లే కదా, ఏడున్నరకల్లా చేరిపోతాం అనుకున్నాం. కల్గేరా దాటాం, సరిహద్దు దాటి సౌత్ ఆస్ట్రేలియాలోకి వచ్చాం. పొద్దు వాలింది. ఆకాశం పడమట కుంకుమ రంగులో ఉంది, ఎంత అందంగా ఉందో అని మా అమ్మాయికి చూపిస్తున్నాను. ఎడమ వైపు పొదల్లోంచి ఒక కంగారూ రోడ్డు దాటింది. మావారు బ్రేకు మీద కాలు వేశారు. అది దాటిపోయింది, హమ్మయ్య అనుకునేలోపు రెండోది వచ్చింది. అది దాటలేదు.

దెబ్బ తగిలినప్పుడు వచ్చిన శబ్దం చాలా మొద్దుగా ఉంటుంది. బియ్యం బస్తా పైనుంచి కింద పడినట్టు. బ్యానెట్ ముందు భాగం లోపలికి నొక్కుకుపోయింది. రేడియేటరు పగిలి ఆవిరి పైకి లేచింది. ఆకుపచ్చని నీళ్లు ఎర్రమట్టిలోకి కారిపోతుంటే చూస్తూ నిలబడ్డాం. ఫోనులో ఒక్క గీత కూడా లేదు. మార్లా ఇంకా 80 కిలోమీటర్లు. కారులో ఉన్నవి ఒకటిన్నర లీటరు నీళ్ల సీసా, సగం తిన్న బిస్కెట్ల పొట్లం, అమ్మాయి శాలువా. ఎడారి అంటే వేడి అనుకుంటాం. జూన్ రాత్రి అక్కడ నీళ్లు గడ్డకట్టేంత చలి. చీకటి పడిన గంటకే పళ్లు టకటకలాడాయి. అమ్మాయిని మధ్యలో పడుకోబెట్టుకుని ఇద్దరం చెరో వైపు ఒదిగి కూర్చున్నాం.

నలభై నిమిషాల తర్వాత దూరాన వెలుగు కనిపించింది. అది మా దగ్గరికి రావడానికి పది నిమిషాలకు పైగా పట్టింది, నేల అంత చదును. రోడ్ ట్రెయిన్, అంటే వెనక ట్రెయిలర్లు తగిలించుకున్న పొడవాటి లారీ. మమ్మల్ని దాటి వెళ్లిపోయింది. నాకు ఏడుపు వచ్చింది. ఆ తర్వాత దూరంగా దాని ఎర్రదీపాలు ఆగడం చూశాం. అంత బరువుతో ఉన్న బండి వెంటనే ఆగలేదు. ముప్పావు కిలోమీటరు అవతల నిలిపి, ఆ పెద్దాయన టార్చిలైటు పట్టుకుని చీకట్లో వెనక్కి నడుచుకుంటూ వచ్చాడు. అరవై ఏళ్లు ఉంటాయి. ముందు అమ్మాయిని చూశాడు, దెబ్బలేమీ లేవు కదా అని అడిగాడు. తర్వాత కంగారూ దగ్గరికి వెళ్లి వంగి, పొట్ట సంచిలో చేయి పెట్టి చూశాడు. పిల్ల ఉంటే తల్లి చనిపోయినా అది కొంతసేపు బతికే ఉంటుందట. లేదు. అప్పుడు తోక పట్టుకుని ఆ కళేబరాన్ని రోడ్డు మీదనుంచి బాగా లోపలికి లాక్కెళ్లాడు. ఎందుకంటే, పొద్దున్నే దాన్ని తినడానికి గద్దలు దిగుతాయి, రోడ్డు మీదే ఉంటే వేరే బండి కింద అవి చస్తాయి, ఆ బండిలోని మనుషులకూ ప్రమాదం అన్నాడు.

తన బండిలోని రేడియోలో 40వ ఛానెల్ మీద పిలిచాడు. మార్లా నుంచి ఉత్తరానికి వస్తున్న ఇంకో లారీ డ్రైవరు అందుకున్నాడు. ఆయన వెనక వస్తున్న మరొకరికి చెప్పాడు. అలా ఒక లారీ నుంచి ఇంకో లారీకి మాట చేరి చివరికి, బంకూ బసా రెండూ ఉండే మార్లా రోడ్‌హౌస్‌కు తెలిసింది. రాత్రి పదింటికి బండి లాక్కెళ్లే వాహనం వచ్చింది. వెళ్లేముందు ఆ పెద్దాయన మావారి భుజం మీద చేయి వేసి ఒకే మాట అడిగాడు. "ఈ వేళప్పుడు పాపను వేసుకుని ఎందుకు బయలుదేరావు?" ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు.

ఆ వేళ సంగతే ముందు మాట్లాడుకుందాం. పొద్దుపొడుపు, పొద్దుగూకే వేళ, రాత్రి, ఇవి జంతువుల సమయాలు. పగటి ఎండకు పొదల నీడన పడుకున్న కంగారూలు చల్లబడగానే మేతకు లేస్తాయి. తారు మీద పడిన వాన రోడ్డు అంచులకు జారుతుంది కాబట్టి ఎడారిలో కాస్త పచ్చగడ్డి మొలిచేది అక్కడే. అందుకని అవి రోడ్డు వారకే వస్తాయి. దీపాల వెలుగు కళ్లలో పడితే ఎటు దూకుతాయో వాటికే తెలియదు. హారన్ కొట్టి తప్పించడం మన ఊరి గేదెల దగ్గర పనిచేస్తుందేమో, ఇక్కడ పనిచేయదు. ఒకటి దాటితే వెనక ఇంకొకటి ఉందనే అనుకోవాలి. అది నేను నేర్చుకున్న తీరు మీరు విన్నారు.

ఎదురుగా వచ్చేస్తే ఏం చేయాలి? గట్టిగా బ్రేకు వేయండి, స్టీరింగు మాత్రం తిప్పకండి. చెప్పడానికి కష్టంగా ఉంది, ప్రాణం ఉన్న జీవి, మన చేతులు వాటంతటవే పక్కకు తిప్పేస్తాయి. కానీ 110 వేగంలో ఒక్కసారిగా తిప్పితే చక్రాలు రోడ్డు అంచున ఉన్న గులకరాళ్ల మీదికి జారుతాయి, బండి పల్టీలు కొడుతుంది. కంగారూను కొడితే రేడియేటరు పోతుంది. బండి పల్టీ కొడితే మనుషులు పోతారు. ఆసుపత్రిలో నేను చూసింది ఆ రెండో రకాన్ని.

గొడ్ల సంగతి ఇంకా తీవ్రం. చాలాచోట్ల వందల కిలోమీటర్ల పశువుల క్షేత్రాలకు కంచెలు ఉండవు. నల్లటి ఆవు రాత్రిపూట నల్లటి తారు మీద పడుకుని ఉంటే దీపాలు దాని మీద పడేసరికి ఆలస్యమైపోతుంది. ఒంటెలు కూడా ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దంలో కరాచీ రేవు నుంచి ఓడల్లో తెచ్చినవి. వాటితో వచ్చిన ఒంటెలవాళ్లు మన ఉపఖండం వాళ్లూ ఆఫ్ఘన్లూ. అడిలైడ్ నుంచి డార్విన్ వెళ్లే ఘాన్ రైలుకు ఆ పేరు వాళ్లవల్లే వచ్చింది. లారీలు వచ్చాక వదిలేసిన ఆ ఒంటెల సంతతే ఇప్పుడు అడవి ఒంటెలై తిరుగుతోంది. ఒంటెకు కాళ్లు పొడవు. కారు తగిలితే కాళ్లు విరిగి, ఆ బరువంతా అద్దంలోంచి ముందు సీట్లలోకి వస్తుంది.

(సభలోంచి ఒక యువకుడు: "అక్కా, మేం నలుగురికీ లైసెన్సు ఉంది. వంతులవారీగా నడుపుకుంటే రాత్రి ప్రయాణంలో తప్పేమిటి? ఒకరు నడుపుతుంటే ముగ్గురు పడుకుంటారు కదా.")

మంచి ప్రశ్న. నువ్వు అడిగావు కాబట్టి, మనసులో ఉండి అడగనివాళ్లకు కూడా జవాబు దొరుకుతుంది. కారులో ముగ్గురు నిద్రపోతుంటే నాలుగో మనిషికి నిద్ర రాకుండా ఎలా ఉంటుంది నాన్నా? మాట్లాడేవాళ్లు లేరు. మలుపు లేదు, గేరు మార్చే పని లేదు, ఎదురు బండి లేదు. నల్లార్బర్ మైదానం మీదుగా పడమటికి వెళ్లే ఎయిర్ హైవేలో బల్లడోనియా నుంచి కైగునా దాకా 146 కిలోమీటర్లు ఒక్క మలుపు లేకుండా గీత గీసినట్టు ఉంటుంది. అలాంటి రోడ్డు జోలపాట పాడుతుంది. నాలుగు సెకన్లు కళ్లు మూతపడితే 110 వేగంలో కారు 120 మీటర్లు తనంతట తానే వెళ్లిపోతుంది. నిద్రమత్తు వచ్చిందని మనకు తెలిసేది ఆ నాలుగు సెకన్లు గడిచాక. కూర్చుని పడుకున్న నిద్ర నిద్ర కాదు, అది రెండో రోజుకు అప్పుగా మిగులుతుంది. పైగా మీరు పగలంతా షిఫ్టు చేసి బయలుదేరుతున్నారు. మన తెలుగు పత్రికల్లో ఆస్ట్రేలియా రోడ్డు ప్రమాదం వార్త వచ్చినప్పుడల్లా నేను ముందు చూసేది ప్రమాదం ఏ గంటకు జరిగిందో.

ఇంకో సంగతి, చాలా అద్దె కార్ల ఒప్పందాల్లో ఊళ్ల బయట రాత్రిపూట నడిపితే బీమా వర్తించదని రాసి ఉంటుంది. మట్టి రోడ్డు ఎక్కినా అంతే. చిన్న అక్షరాల్లో ఉంటుంది, సంతకానికి ముందు చదవండి.

కాబట్టి రోజును సూర్యుణ్ణి బట్టి కొలుచుకోండి. జూలైలో అలిస్ స్ప్రింగ్స్ దగ్గర సూర్యుడు ఏడు దాటాక వస్తాడు, ఆరింటి ప్రాంతంలో వెళ్లిపోతాడు. ఎనిమిదికి బయలుదేరి నాలుగున్నరకు ఆగితే, రెండు గంటలకోసారి దిగి కాళ్లు చాపుకున్నా, రోజుకు 600 కిలోమీటర్లు హాయిగా వెళ్లవచ్చు. మొదటి రాత్రి పోర్ట్ అగస్టాలోనో వూమెరాలోనో ఆగండి. రెండో రాత్రి కూబర్ పీడీ. నేల కింద తవ్విన ఇళ్లలో మనుషులు కాపురాలు చేస్తున్న ఊరు అది, ఓపల్ రాళ్ల గనుల ఊరు. దాన్ని పెట్రోలు పోయించుకోవడానికి మాత్రమే ఆగి వదిలేయడం అన్యాయం.

ఇక రోడ్ ట్రెయిన్లు. నన్ను ఆదుకున్నది ఒక రోడ్ ట్రెయిన్ డ్రైవరే కాబట్టి వాటి గురించి భయపెట్టేలా మాట్లాడను, కానీ లెక్క తెలియాలి. ముందు లారీ, వెనక మూడు ట్రెయిలర్లు, మొత్తం పొడవు 53.5 మీటర్ల దాకా ఉండవచ్చు. అది 100 వేగంతో వెళ్తోందనుకోండి. మీరు 110 తో దాటాలనుకున్నారు. వెనక ఒక ముప్పై మీటర్లు, ముందు ఒక ముప్పై మీటర్లు ఖాళీ కలుపుకుంటే మీరు దానికంటే 120 మీటర్లు ఎక్కువ వెళ్లాలి. మీ ఇద్దరి వేగానికీ తేడా గంటకు పది కిలోమీటర్లే. అంటే 43 సెకన్లు పడుతుంది. ఆ 43 సెకన్లలో మీరు 1,300 మీటర్లు వెళ్తారు. ఎదురుగా 110 తో వచ్చే బండి కూడా ఇంకో 1,300 మీటర్లు వస్తుంది. రెండున్నర కిలోమీటర్లకు పైగా రోడ్డు ఖాళీగా కనిపిస్తే తప్ప దాటడానికి వీల్లేదు. ఎండమావులు మిలమిలలాడే మధ్యాహ్నం రెండున్నర కిలోమీటర్ల అవతలి కారు కనిపిస్తుందా? కొత్తగా లైసెన్సు వచ్చి కారుకు పి ప్లేటు పెట్టుకున్న పిల్లలకు సౌత్ ఆస్ట్రేలియాలో 100 దాటకూడదు కాబట్టి వాళ్లకు ఈ ప్రశ్నే లేదు. దాని వెనక దూరంగా ఉండండి, లేదా ఆగి టీ తాగండి. ఎదురుగా వచ్చినప్పుడు అది తోసే గాలికి మన కారు ఒక ఊపు ఊగుతుంది, స్టీరింగు రెండు చేతులతో పట్టుకోండి. మట్టి రోడ్డు మీద ఎదురైతే వేగం తగ్గించి ఎడమకు జరిగి ఆగిపోండి. అది లేపిన దుమ్ములో మీ బ్యానెట్ మీకే కనిపించదు.

ఇదిగో, ఈ వస్తువు చూడండి. వెనకవాళ్లకు కనిపిస్తోందా? అరచేతిలో పట్టేంత పసుపుపచ్చ డబ్బా. దీన్ని పర్సనల్ లొకేటర్ బీకన్ అంటారు. ఆ రాత్రి తర్వాత మేం మొదట కొన్న వస్తువు ఇది. ప్రాణాపాయంలో ఈ తీగను ఇలా పైకి విప్పి, మూత కింద ఉన్న మీట నొక్కితే 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహాలకు సంకేతం వెళ్తుంది. కాన్‌బెర్రాలో ఆస్ట్రేలియా సముద్ర భద్రతా సంస్థ వారి గాలింపు కేంద్రానికి అది చేరుతుంది. సముద్ర సంస్థకూ ఎడారికీ ఏమిటి సంబంధం అనుకోకండి, దేశమంతటి బీకన్లనూ చూసేది వాళ్లే. ఫోను సిగ్నల్ అక్కర్లేదు, నెలనెలా రుసుము లేదు. కొన్నాక వాళ్ల దగ్గర ఉచితంగా నమోదు చేయించుకోవాలి, అప్పుడే ఆ సంకేతం ఎవరిదో వాళ్లకు తెలుస్తుంది. కొన్ని కొత్త ఫోన్లు కూడా ఉపగ్రహం ద్వారా అత్యవసర సందేశం పంపుతున్నాయి. మంచిదే. కానీ ఫోను బ్యాటరీ పాటలకూ మ్యాపుకూ ఫొటోలకూ పంచుకోవాలి, ఈ డబ్బా బ్యాటరీ దీని కోసమే ఎదురుచూస్తుంది.

మామూలు ఫోను ఊళ్ల చుట్టుపక్కల మాత్రమే పలుకుతుంది. వేరే కంపెనీ సిగ్నల్ ఉన్నచోట కూడా 000 లేదా 112 కలుస్తుంది. దారి మ్యాపును ఊళ్లోనే ఫోనులోకి దింపుకోండి, కాగితం మ్యాపు కూడా ఒకటి ఉంచుకోండి.

మీలో ఎవరి పర్సులోనైనా 20 డాలర్ల నోటు ఉందా? తీసి చూడండి. ఒక వైపు కళ్లద్దాలు పెట్టుకున్న పెద్దమనిషి ఉన్నాడు కదా, ఆయన పేరు జాన్ ఫ్లిన్. ఈ లోపలి ప్రాంతాల్లో తిరిగిన మతబోధకుడు. వైద్యం అందక మనుషులు చనిపోవడం చూసి, డాక్టరే ఎగిరి రావాలని పట్టుబట్టాడు. 1928 మేలో క్వీన్స్‌లాండ్‌లోని క్లాంకరీ నుంచి మొదటి విమానం లేచింది. అదే ఈనాటి రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్. డాక్టరు ఉన్నాడు సరే, పిలవడం ఎలా? మన అడిలైడ్‌లోనే ఆల్ఫ్రెడ్ ట్రేగర్ అనే ఆయన కాళ్లతో తొక్కితే కరెంటు పుట్టే రేడియో తయారుచేశాడు. కుట్టుమిషను తొక్కినట్టు తొక్కుతూ ఎడారి ఇళ్లలోని ఇల్లాళ్లు డాక్టరుతో మాట్లాడేవారు. నల్లార్బర్ దారిలో వెళ్తే కొన్నిచోట్ల తారు మీద అడ్డంగా తెల్లని చారలు కనిపిస్తాయి, విమానం బొమ్మతో పలక ఉంటుంది. అవసరమైతే ఆ రోడ్డే రన్‌వే. ఆ విమానాల్లో దిగిన రోగులకు సెలైన్లు ఎక్కించిన చేతులు ఇవి. వాళ్లు వస్తారు, తప్పకుండా వస్తారు. కానీ మీరు ఎక్కడున్నారో తెలియాలి, వాళ్లు వచ్చేదాకా మీరు బతికి ఉండాలి.

బతికి ఉండడానికి నీళ్లు. మనిషికి రోజుకు 5 లీటర్లకు తగ్గకూడదు, వేసవిలో 10 పెట్టుకోండి. నలుగురు మూడు రోజులకు ఎంతో లెక్క వేసుకోండి. ఒకే పెద్ద డబ్బాలో పోయకండి, అది కారిపోతే అంతా పోతుంది. అయిదు లీటర్ల డబ్బాలు వేర్వేరుగా పెట్టండి. వేసవిలో వెళ్లవద్దని నా సలహా. ఈ ఎడారిలోని ఊడ్నడాటా అనే ఊళ్లో 1960 జనవరి 2న 50.7 డిగ్రీలు నమోదైంది. రెంటచింతల ఎండ, రామగుండం ఎండ చూసినవాళ్లం కదా అనుకోకండి. అక్కడ ఎండ దెబ్బ తగిలినవాణ్ణి చెట్టు కిందకు మోసుకెళ్లడానికి మనుషులుంటారు, చెట్టూ ఉంటుంది.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక్కటి గుర్తుపెట్టుకుని మిగిలినవన్నీ మరిచిపోయినా ఫరవాలేదు. బండి ఆగిపోతే బండిని వదిలి వెళ్లకండి.

1963 డిసెంబరులో బర్డ్స్‌విల్ ట్రాక్ అనే ఎడారి మట్టి దారి ప్రాంతంలో ఒక కుటుంబం దారి తప్పింది. ఇంగ్లండు నుంచి వచ్చి స్థిరపడిన తల్లిదండ్రులు, వాళ్ల ముగ్గురు కొడుకులు. పెట్రోలు అయిపోయింది. నీళ్లు వెతుక్కుంటూ కారు వదిలి నడిచారు. అయిదుగురూ చనిపోయారు. అరవై ఏళ్లు దాటినా ఆ ప్రాంతంవాళ్లు ఆ మాట ఎత్తితే ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. పైనుంచి వెతికే విమానానికి కారు కనిపించినట్టు మనిషి కనిపించడు. కారు తళతళ మెరుస్తుంది, మనిషి పొదల్లో పొదగా కలిసిపోతాడు. నీళ్లు కారులో ఉన్నాయి, నీడ కారు దగ్గర ఉంది. ఎండలో నడిచే మనిషి గంటకు లీటరు నీటిని చెమటగా పోగొట్టుకుంటాడు, చేత్తో మోయగలిగిన నీళ్లు ఎన్ని గంటలకు వస్తాయి? ఏదో చేయాలి, ఊరికే కూర్చోకూడదు అని మనసు తొందరపెడుతుంది. ముఖ్యంగా పిల్లలు పక్కన ఉన్నప్పుడు. ఆ తొందరను అణుచుకుని కూర్చోవడమే అక్కడ చేయాల్సిన పని. బ్యానెట్ ఎత్తి పెట్టండి, అది ఆపదలో ఉన్నామన్న గుర్తు. కారు లోపల ఉడికిపోకుండా పక్కన పరదా కట్టుకుని నీడలో పడుకోండి. విమానం చప్పుడు వినిపిస్తే అద్దంతో ఎండను దాని వైపు తిప్పండి. స్టెప్నీ టైరుకు నిప్పు పెడితే నల్లటి పొగ చాలా దూరం కనిపిస్తుంది, కారుకు దూరంగా, ఎండుగడ్డి లేనిచోట పెట్టండి.

వరద గురించి రెండు మాటలు. ఎడారిలో వరదేమిటి అనిపిస్తుంది. 2022 జనవరిలో వానలకు స్టువర్ట్ హైవేనే కూబర్ పీడీకి దక్షిణాన తెగిపోయి రోజుల తరబడి లారీలు కదల్లేదు. ఎక్కడో కురిసిన వాన రెండు రోజుల తర్వాత నీలాకాశం కింద మీ రోడ్డు మీదికి రావచ్చు. కారు తేలడానికి మోకాలి లోతు నీళ్లు చాలు. రోడ్డు మూసేశామని పలక ఉంటే వెనక్కి తిరగండి. బయలుదేరే రోజు పొద్దున సౌత్ ఆస్ట్రేలియా, నార్తర్న్ టెరిటరీ ప్రభుత్వాలు రెండూ పెట్టే రోడ్ల సమాచారం చూసుకోండి. ఊడ్నడాటా ట్రాక్, బర్డ్స్‌విల్ ట్రాక్ వంటి మట్టి దారులకు ఎత్తయిన ఫోర్ వీల్ డ్రైవ్ బండి, రెండు స్టెప్నీలు, అనుభవం ఉన్నవాళ్లు తోడు ఉంటే తప్ప వెళ్లకండి. ఆదిమవాసుల భూముల మీదుగా పోయే కొన్ని దారులకు ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి. అది వాళ్ల ఇల్లు, అడిగి వెళ్లడం మర్యాద.

స్టెప్నీలో గాలి ఉందో లేదో చూశామా? జాకీ డిక్కీలో ఉందా? దాన్ని ఎప్పుడైనా వాడామా? చేతులెత్తండి చూద్దాం, ఇక్కడ ఎంతమంది సొంతంగా టైరు మార్చారు? ఏడుగురు. సరే, టీ తాగాక అందరూ బయట కార్లు నిలిపినచోటికి రండి, మా కారు టైరు విప్పి చూపిస్తాను. ఆడపిల్లలు ముందు వరుసలో నిలబడండి.

పెట్రోలు సగానికి వస్తే, బంకు కనిపించిన చోటల్లా నింపుకోండి, ధర చూడకండి. కొన్ని బంకులు సాయంత్రమే మూసేస్తారు. ఎదురుగా వచ్చే డ్రైవరు స్టీరింగు మీదనుంచి చూపుడు వేలు ఎత్తితే మీరు కూడా ఎత్తండి. ఆ దారిలో అది నమస్కారం. మిమ్మల్ని చివరిసారి ఎక్కడ చూశామో రేపు ఎవరికైనా చెప్పాల్సి వస్తే ఆ మనిషే చెబుతాడు.

చివరగా ఈ బీకన్ సంగతి. కొనలేనివాళ్లు, ఒక్క ప్రయాణానికి కొనడం ఎందుకనుకునేవాళ్లు నా దగ్గర తీసుకెళ్లండి. డబ్బు వద్దు. ఒక కాగితం మీద ఎవరెవరు వెళ్తున్నారు, కారు రంగు, నంబరు, ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారు, ఏ రోజు ఎన్ని గంటలకు ఫోను చేస్తారు అన్నీ రాసి ఇవ్వాలి. బీకన్ నా పేరు మీద నమోదై ఉంది కాబట్టి మీ వివరాలు అందులో నేనే చేరుస్తాను. అనుకున్న గంట దాటి ఫోను రాకపోతే రెండు గంటలు చూస్తాను, ఆ తర్వాత పోలీసులకు చెబుతాను. ఫోను చేయడం మరిచిపోయి హాయిగా నిద్రపోయినా సరే, నేను మాత్రం చెబుతాను. జూలైలో మొదట తీసుకెళ్లేది మూడో వరుసలోని నలుగురు. వాళ్ల కాగితం అప్పుడే నాకు ఇచ్చారు, మా ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంది.